అక్క మిద్దె మీద నేను పెట్టిన దయ్యం

ముందే చెబుతున్నాను, ఇది ఒక ఇల్లు మునిగిన కథ. వరద వల్ల కాదు. మా సీమలో వరద రావాలంటే ముందు వాన రావాలి కదా, ఆ కథ వేరు. ఈ ఇంటిని ముంచింది నేను. అది కూడా పారతో కాదు, పలుగుతో కాదు, ఒక సెల్‌ఫోనూ రెండు బొటనవేళ్ళూ పెట్టి ముంచాను. పరాయివాళ్ళ ఇల్లయితే ఇంతగా సిగ్గుపడేవాణ్ణి కాదేమో. అది నన్ను పెంచిన అక్క ఇల్లు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నవలలు రాసే తమ్ముణ్ణి ఆ ఇంట్లో పెట్టుకుని చూడు అని మాత్రం అనలేదు. అనుంటే మా అక్క జాగ్రత్తపడేది.

నవలలంటే నావి ఒకటీ రెండూ కావు. ఫోన్లో కథల యాప్‌లు కొత్తగా వచ్చిన రోజులవి. రోజుకో భాగం రాసి పెడితే చాలు, చదివేవాళ్ళు చదువుతారు, మెచ్చుకునేవాళ్ళు గులాబీ బొమ్మలు పంపుతారు, తిట్టేవాళ్ళు కూడా మరుసటి భాగం ఎప్పుడని అడిగే తిడతారు. నేను ఊరుకుంటానా? సోమవారం దయ్యం, మంగళవారం ప్రేమ, బుధవారం హత్య, గురువారం భక్తి, శుక్రవారం అత్తాకోడళ్ళు. శని ఆదివారాలు రాజులకూ యుద్ధాలకూ కేటాయించాను. ఒక్కోసారి సోమవారం చచ్చినవాడు పేరు మార్చుకుని మంగళవారం పెళ్ళిపీటల మీద కూర్చునేవాడు. పాఠకులు మంచివాళ్ళు, సర్దుకుపోయేవాళ్ళు.

మరి ఇన్ని రాసేవాడికి ఊహించుకునే తీరిక ఎక్కడిది, మీరే చెప్పండి. అందుకని నాకు ఒక పద్ధతి ఉండేది. కళ్ళ ముందు ఏది ఉంటే అది రాసేయడమే. మా చిన్నమ్మ కట్టిన పచ్చంచు చీర శుక్రవారం గయ్యాళి అత్త ఒంటి మీదికి చేరేది. మా వీధి కాంపౌండరు మీసం బుధవారం హంతకుడి మూతికి అతుక్కుంది. పాపం, ఆయన నున్నగా గొరిగించుకుని, నాతో మాట్లాడటం మానేశాడు.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. నందికొట్కూరులో మార్కెట్ పక్కన బాడుగింట్లో ఉండేవాణ్ణి. పొద్దున లేస్తే ఉల్లిగడ్డల వేలంపాట. హీరోయిన్ చెవిలో హీరో చెప్పే రహస్యం ఆ కేకల్లో నాకే వినబడేది కాదు. ఈ గోడు ఫోన్లో వెళ్ళబోసుకుంటే అక్క ఒక్క మాటలో తేల్చేసింది.

"ఆ గోలలో యాంటికిరా? మా కొత్త మిద్దె మీద మూల రూము ఖాళీగా ఉండాది. వచ్చి రాసుకోపో. ఇంత రాగిసంగటి నీకూ వేస్తాలే."

మా అక్క పేరు నాగరత్నమ్మ. ఎర్రగుంట్ల బైపాస్ పక్కన ఆ మిద్దె అప్పుడే కట్టుకున్నారు. బావ ఓబులేసు సిమెంటు లారీ డ్రైవరు. నడుము పోయి స్టీరింగ్ వదిలేశాడు. దారి పొడుగునా దొరికిందల్లా తిని, ఒక్కోసారి ఏదీ తినక, ఆయన కడుపు పాడుచేసుకోవడం అక్క ఇన్నేళ్ళూ చూసింది. ఆమెకు ఉన్నది ఒకే కోరిక. రోడ్డు మీద తిరిగే డ్రైవర్లకు ఇంటి సంగటి పెట్టే మెస్ ఒకటి పెట్టాలి. కింద మెస్, పైన గదులు బాడుగకు. ఉన్నదంతా ఊడ్చి ఆ మిద్దె మీద పెట్టారు. అది నడిస్తేనే వాళ్ళ బతుకు నడుస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయింది ఇదే.

ఇల్లు చూస్తే మరిచిపోయేది కాదు. గులాబీ రంగు మిద్దె, పసుపుపచ్చ గేటు. అన్నింటికన్నా విచిత్రం కాలింగ్ బెల్. బావ నడిపిన ఆఖరి లారీని తుక్కుకు వేస్తుంటే, ఓనరును బతిమాలి దాని హారన్ ఊడదీయించి తెచ్చుకున్నాడు. గేటుకు బిగించాడు. చుట్టం వచ్చి మెల్లగా బటన్ నొక్కితే "బోం" అని అది మోగే మోతకు ఆ చుట్టమే రెండడుగులు వెనక్కి గెంతేవాడు.

మూల గదిలో చేరిన మొదటి సోమవారం. దయ్యం భాగం రాయాలి. బుర్రలో ఒక్క ముక్క లేదు. కిటికీలోంచి చూశాను. పసుపుపచ్చ గేటు. రాశాను. గులాబీ రంగు గోడ. రాశాను. కింద ఎవరో హారన్ నొక్కారు. ఉలిక్కిపడి, అదీ రాశాను. ఇంతలో వంటింట్లోంచి సంగటి వాసన పైకి వచ్చింది.

మీరు ఊహించినదే జరిగింది. లారీ డ్రైవరైన భర్త రోడ్డు మీదే పోయి, ఎంతకూ ఇంటికి రాక, ఎదురుచూసి ఎదురుచూసి చచ్చిపోయిన ఒక ఇల్లాలు. మిద్దె మీద మూల గదిలో దయ్యమై ఉంటుంది. హారన్ దానంతటదే మోగుతుంది. అప్పుడామె వేడి వేడి సంగటి వండి, దారిన పోయేవాళ్ళను పిలిచి పెడుతుంది. ఆ సంగటి తిన్నవాళ్ళు తెల్లారి లేవరు!

రాసి, నా వీపు నేనే తట్టుకున్నాను. అంతకుముందు ఏ నవలకూ రానన్ని గులాబీలు వచ్చాయి. "ఒళ్ళు జలదరించింది సార్" అని ఒకరు, "ఈ ఇల్లు నేను చూసినా సార్, బైపాస్ కాడ ఉండాది" అని ఇంకొకరు. రెండో వ్యాఖ్య చూసి కూడా మురిసిపోయాను, వర్ణన అంత బాగా కుదిరిందని. నా తెలివి అప్పట్లో అంతవరకే.

పైగదులకు వస్తామన్న ఫ్యాక్టరీవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రామన్నారు. కారణం అడిగితే నసిగారు. "పోనీలే, మెస్ తెరుస్తానే వాళ్ళే వస్తారు" అంది అక్క.

మెస్ తెరిచే రోజు వచ్చింది. అక్క చీకటితోనే లేచి సంగటి కెలికింది. నాటుకోడి కూర, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి చేసింది. గేటుకు మామిడాకులు కట్టారు. తొమ్మిదయ్యేసరికి రోడ్డుకు అవతల జనం చేరారు. డ్రైవర్లు, క్లీనర్లు, ఫ్యాక్టరీ కూలీలు. అందరూ మిద్దె మీద మూల గది వైపే చూస్తున్నారు. ఒక్కరూ రోడ్డు దాటరు.

"సిగ్గుపడతాండారు పాపం" అన్నాడు బావ. "నేను పిలుస్తా ఉండు."

పిలిచాడు. ఎట్లా అంటారా? శుభమా అని హారన్ నొక్కాడు.

"బోం!"

అంతే. అవతల ఉన్న జనం చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తారు. దుమ్ము తగ్గాక చూస్తే ఒక్కడే మిగిలాడు. మస్తాన్. బావతో పాటు చాలాకాలం లారీ తోలినవాడు. వాడైనా ధైర్యంతో నిలబడలేదు, చెప్పు తెగి నిలబడ్డాడు.

"ఓబులన్నా," అన్నాడు దూరం నుంచే, "ఆ హారన్ ఎవరు కొట్టింది?"

"నేనేప్పా. ఏం?"

"నువ్వు బతికే ఉండావు కదన్నా?"

"ఏందిరా ఆ మాట, పొద్దున్నే?"

మస్తాన్ మెల్లగా వచ్చి ఫోను తీసి అక్క చేతిలో పెట్టాడు. "చూడక్కా. ఇది మీ ఇల్లే కదా? మా లారీ స్టాండంతా ఇదే చదువుతాండారు. ఓబులన్న పోయినట్ల, నువ్వు దయ్యమైనట్ల రాసినారు. పైన రాసినాయన పొటో గూడా ఉండాది."

ఫొటో చూసింది అక్క. తల ఎత్తి నన్ను చూసింది. నేను మామిడాకుల వైపు చూశాను.

"ఒరే కేశవా, ఇది నువ్వేనా?"

"కథక్కా. ఉత్త కల్పన."

"నా సంగటి తిన్నోళ్ళు తెల్లారి లెయ్యరని రాసినావా?"

"అంటే... దయ్యం సంగటి..."

"నా సంగటి తినే కదరా ఇంత లావైనావు."

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, మూత కూడా తీయని సంగటి గిన్నె పక్కన కూలబడింది. ఆ గిన్నెలోంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంది. ఎన్ని భాగాల్లో ఎంతమందిని ఏడిపించానో నాకు లెక్కలేదు గానీ, నిజంగా ఒక మనిషిని ఏడిపించడం అదే మొదటిసారి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏడవొద్దక్కా. నేను చేసింది నేనే సరిచేస్తా. దయ్యాన్ని చంపేస్తా."

బావ తల గోక్కున్నాడు. "సచ్చినాంక కదప్పా దయ్యమయ్యేది. మల్ల యెట్ల సంపుతావు?"

ముల్లును ముల్లుతోనే తీయాలన్నారు కదా. నేను దయ్యాన్ని భక్తితో తీద్దామనుకున్నాను. గురువారం సీరియల్లో ఒక సాధువును దింపాను. ఒంటిమిట్ట రాములవారి కల్యాణానికి నడిచిపోతూ ఆయన ఆ గులాబీ మిద్దెలో అడుగుపెడతాడు. రామనామం చెవిన పడగానే దయ్యానికి మోక్షం. హారన్ శంఖంలా మోగుతుంది. రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

వారం తిరక్కుండా జనమే జనం! అక్క ముఖం విప్పారింది. కానీ వచ్చినవాళ్ళు తినడానికి రాలేదు. హారన్‌కు పూలదండ వేశారు, గేటుకు బొట్లు పెట్టారు, వరండాలో చాప పరిచి భజన మొదలుపెట్టారు. ఒంటిమిట్టకు పోయే కాలినడక భక్తులు దారి మళ్ళించుకుని మరీ వచ్చారు. వద్దనలేక అక్క పానకం, వడపప్పు పంచింది. ఊరికే.

మా వైపు గ్రామదేవతలైతే కోడిని వద్దనరు, ఇంకొకటి తెమ్మంటారు. నేను పోయి పోయి ఉల్లిపాయ కూడా ముట్టని సాధువును దింపాను. వంటింట్లో కోడి కూత వినబడితే చాలు, భజన ఆగిపోయేది.

"ఏమ్మా, సాధువు కాలు పెట్టిన ఇంట్లో కోడిని కోస్తాండారా?"

"యాడమ్మా, అది పెంచుకునేది" అని అక్క పాపం అబద్ధమాడేది. ఆ కోళ్ళన్నీ మోక్షం దొరికినట్టు వరండాలో భక్తుల మధ్యే తిరిగేవి.

గేటు దగ్గరకు వచ్చి మస్తాన్ మెల్లగా అడిగాడు. "అక్కా, కోడికూర?"

"గమ్మునుండు. అరటికాయ కూర ఉండాది, తింటావా?"

"అరటికాయకు ఎర్రగుంట్ల దాంకా రావల్నా అక్కా?" అని వెళ్ళిపోయాడు.

"కేశవా," అన్నాడు బావ, "దయ్యమే మేలప్పా. అది పానకమన్నా అడగల్యా."

తప్పులో కాలేసినవాడు తీసేయాలి కదా, నేను రెండో కాలు కూడా వేశాను. ఈసారి బుధవారం. మా డిటెక్టివ్ రంగంలోకి దిగి తేల్చేశాడు. ఆ సాధువు దొంగ! రాజులనాటి నిధి ఆ మిద్దె పెరట్లోనే ఉంది. హారన్ మోత దొంగల ముఠా సైగ. ఈ దెబ్బకు భక్తులు పోవాలి, మెస్‌కు డ్రైవర్లు రావాలి. ఇదీ నా లెక్క.

భక్తులు పోయారు, ఆ మాట నిజం. కానీ మా సీమలో రెండు మాటలున్నాయి. "వానొస్తుంది" అంటే ఎవరూ నమ్మరు. "నిధి ఉంది" అంటే అందరూ నమ్ముతారు. ఈ నేల మీదే పుట్టి పెరిగిన నాకు అది తెలియదా? తెలుసు. రాసే ఊపులో గుర్తురాలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున లేచి చూస్తే పెరట్లో గుంతలు. ఇంటి ముందర గుంతలు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. వీళ్ళు పెరడు తవ్వి మా బావ నీళ్ళపైపును పట్టారు. అది చిమ్ముతున్న నీళ్ళలో మోక్షం పొందిన కోళ్ళు స్నానం చేస్తున్నాయి. గుంతల చుట్టూ నిమ్మకాయలు, కుంకుమ.

ఎస్సైగారు వచ్చి నన్ను కూర్చోబెట్టి అడిగారు. "రాసినోడివి నువ్వే కదా. నిధి యాడుండాదో నీకు తెలవాల కదా?"

"నాకు తెలిస్తే రోజుకో భాగం ఎందుకు రాస్తాను సార్?"

ఆయన నా చొక్కా చూశారు, చెప్పులు చూశారు. వెంటనే నమ్మారు.

బావ నడుము పట్టుకుని ఒక గుంతలోకి తొంగి చూశాడు. "బాగా తవ్వినారప్పా. కూలోళ్ళయితే ఇంత లోతు తవ్వరు. మునగచెట్లు నాటుదాం." ఆ మనిషికి ప్రపంచంలో చెడ్డదేదీ కనబడదు. ఆయన అలా అన్నకొద్దీ నాకు ఇంకా సిగ్గేసింది.

అక్క మాత్రం నా ఎదురుగా వచ్చి నిలబడింది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఇంకొక్క అవకాశం ఇవ్వక్కా. మంగళవారం ప్రేమకథ ఉంది. ఈ మిద్దెలోనే ఒక జంట..."

"ఇంట్లో చెప్పకుండా లేచిపోయొచ్చినోళ్ళంతా నా మిద్దెకే రావల్నా? వాళ్ళ వెనకాల కట్టెలు పట్టుకుని వాళ్ళ నాయనలు రావల్నా? ఇట్లియ్యి ఆ ఫోను." లాక్కుని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. "దయ్యం నీదే, సాదువు నీవాడే, దొంగలూ నీవాళ్ళే. సంగటొక్కటే నాది. ఇంగ నేను చెప్పినట్ల చెయ్యి."

పొయ్యిని రోడ్డు పక్కకు లాగించింది. పట్టపగలు, గుంతల మధ్యన. తెడ్డు నా చేతికిచ్చి సంగటి కెలికించింది. నాలుగు తిప్పులకే బొటనవేళ్ళు తప్ప నాకు వేరే కండరాలు లేవని తెలిసిపోయింది. గుంతలు చూడటానికి వచ్చిన జనం చుట్టూ చేరారు. అక్క ఒక స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టి, పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టి కోడికూర పోసింది.

"అందరూ చూడండప్పా! నా సంగటి తింటే సస్తారని రాసినోడు వీడే, నా తమ్ముడు. వీడే తింటాండాడు. రేపు పొద్దున ఇదే టయానికి వచ్చి చూసుకోండి, లేసినాడో లేదో!"

తిన్నాను. భయంతో ఒక ముద్ద, సిగ్గుతో ఒక ముద్ద. నాలుగో ముద్దకు రెండూ పోయాయి. ఆ రుచి అలాంటిది. ఇంకా పెట్టమని అడిగి మరీ తిన్నాను.

మరుసటి ఉదయం నేను చేయాల్సింది ఒకే ఒక్క పని. నిద్రలేవడం. పసిపిల్లలు కూడా చేసే పని. ఏళ్ళ తరబడి సరిగా నిద్రపోకుండా భాగాలు రాసినవాణ్ణి, చేతిలో ఫోను లేదు, కడుపు నిండా సంగటి. లేవలేదు!

కింద జనం ముందు రోజుకు రెట్టింపు వచ్చారట. ఎండ ఎక్కింది. "ఇంగా లెయ్యల్యా?" "పాయ! రాసినాయన పాయ!" అని గుసగుసలు. అక్క తలుపు బాదినా నేను కదల్లేదట. ఇక బావ పరుగున పోయి హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

"బోం... బోం... బోం!"

దిగ్గున లేచాను. ఎక్కడున్నానో తెలియదు. కప్పుకున్న తెల్లదుప్పటితోనే, జుట్టు నిక్కబొడుచుకుని, మూల గదిలోంచి బయటికొచ్చి మిద్దె అంచున నిలబడి "ఏమైంది?" అని కేక వేశాను.

మూల గది. తెల్లదుప్పటి. హారన్. మీరే ఆలోచించండి. రోడ్డు మీద మళ్ళీ చెప్పులే మిగిలాయి.

చెప్పులతో పాటు మళ్ళీ మస్తానే మిగిలాడు. ఈసారి చెప్పు తెగలేదు, కావాలనే నిలబడ్డాడు. మెట్లు దిగివచ్చిన నన్ను ఆపి, వంగి దుప్పటి ఎత్తి చూశాడు. "పాదాలు ముందుకే ఉండాయి. మనిషే!" అని రోడ్డుకు వినబడేలా అరిచాడు. తర్వాత నా ముఖం చూశాడు. నిద్రతో ఉబ్బిన ముఖం.

"ఇంతసేపు నిద్రపోతాండావా నువ్వు?"

"అవును."

"సంగటి తిని?"

"అవును."

మస్తాన్ పోయి స్టూలు మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, నాకూ ఒక ముద్ద వెయ్యి. మూడు దినాల్నుంచి లోడు తోలతాండా. హోటళ్ళ కూడు తిని కడుపులో మంట, కంటికి నిద్రల్యా. నాకూ ఇట్ల నిద్రపట్టాల."

అక్క పళ్ళెం కడిగి పెద్ద ముద్ద వేసింది. వాడు తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, లారీ కింద నీడలో పడుకుని గుర్రుపెట్టాడు. ఆ గుర్రు రోడ్డవతల దాకా వినబడింది. దయ్యాలు గుర్రుపెట్టవు కదా! చెప్పుల కోసం మెల్లగా తిరిగి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ. బావ ఖాళీ గిన్నెలోకి చూసి, వెళ్ళి హారన్‌కున్న దుమ్ము తుడిచాడు.

ఇప్పుడు ఆ మెస్‌లో కూర్చోవాలంటే కాసేపు నిలబడాల్సిందే. బోర్డు మీద బావ తన ఇలవేలుపు పేరు రాయించాడు గానీ, కడప నుంచి కర్నూలు దాకా డ్రైవర్లంతా "దయ్యం మెస్" అనే అంటారు. గుంతల్లో నాటిన మునగచెట్లు కాపుకొచ్చాయి. సంగటి దిగగానే హారన్ మోగుతుంది, జనం ఈసారి గేటు లోపలికి పరుగెత్తుతారు. పైగదులన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. మూల గదికి మాత్రం ఎవరూ రామన్నారు. ఎంత సంగటి తిన్నా ఆ మాత్రం భయం మిగిలింది. బియ్యం డబ్బాలోంచి ఫోను తీసిచ్చిన రోజే అక్క ఆ సంగతి తేల్చేసింది.

"దయ్యముండాదని రాసినావు కదా, ఆ దయ్యమేదో నువ్వే అయ్యి రాసుకో."

అలా ఇప్పటికీ రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆ గదికే పోతాను. టీ కోసం కిందికి దిగితే కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళు చూపిస్తారు, "అదిగో, దయ్యం."

కాబట్టి పాఠక దేవుళ్ళారా, మునగచెట్ల సాక్షిగా, హారన్ సాక్షిగా, బియ్యం డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కంఠంలో ప్రాణముండగా ఏ బంధువు ఇంటి రంగూ, గేటూ, వీధీ, వంటా నా రాతల్లోకి రానివ్వను. చుట్టాల మీసాలు కూడా ముట్టను.

ఇంతవరకూ రాసి అక్కకు చదివి వినిపించాను. తెడ్డు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

"బాగుండాది గానీ, దారి యాడ రాసినావురా? జనాలు బైపాస్ కాడ తిరుక్కుంటాండారు."

"ఇప్పుడే ఒట్టు పెట్టుకున్నాను కదక్కా, ఇంటి గుర్తులు రాయనని."

"ఆ ఒట్టు రేపట్నుంచి పెట్టుకో. దారి రాసినాంకనే నీకు సంగటి."

బైపాస్ దగ్గర ఎడమకు తిరగండి. గులాబీ రంగు మిద్దె, పసుపుపచ్చ గేటు. హారన్ నొక్కండి, భయపడకండి. పైన మూల గదిలో ఏదైనా కదిలితే అది నేనే.